రోజుకో గంట ఇంటిపని, ఏడాదికి 60 డాలర్లు: మేరీ లయన్ బడి ఎలా నిలబడింది?

సంక్షిప్తంగా: 1837లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సౌత్ హ్యాడ్లీలో మౌంట్ హోల్యోక్ సెమినరీని (ఆడపిల్లల పైచదువుల బడిని) తెరిచిన మేరీ లయన్‌ను కొందరు దైవభక్తురాలిగా, మరికొందరు స్త్రీ విద్యకు ఆద్యురాలిగా చూస్తారు. రెండు వర్ణనలూ విడివిడిగా చదివితే ఆ బడి ఎలా నడిచిందో అర్థం కాదు. ఆమె భక్తి ప్రార్థన గదికే పరిమితం కాలేదు. చందాలు ఎవరు ఇవ్వాలి, ఫీజు ఎంత ఉండాలి, టీచర్ల జీతం ఎంత, పాత్రలు ఎవరు కడగాలి అన్నవన్నీ దానిమీదే ఆధారపడి నిర్ణయమయ్యాయి. ఆ లెక్కకు మూలం ఆమె పుట్టిన ఇంట్లో ఉంది.

కొండ మీద పొలం, తండ్రి లేని ఇల్లు

మేరీ 1797 ఫిబ్రవరి 28న పశ్చిమ మసాచుసెట్స్‌లోని బక్లాండ్ అనే కొండ ప్రాంతపు ఊరిలో పుట్టింది. తండ్రి ఏరన్ లయన్, తల్లి జెమైమా షెపర్డ్. ఎనిమిది మంది సంతానంలో ఈమె ఆరోది. 1802లో తండ్రి చనిపోయేనాటికి ఆమెకు ఐదేళ్ళు. రాతినేల పొలం, దాని మీద బతకాల్సిన పెద్ద కుటుంబం మిగిలాయి. అలాంటి ఇంట్లో బట్ట నేయడం, సబ్బు వండటం, రొట్టె కాల్చడం, ఉన్ని వడకడం ఆడపిల్లలకు వేరే నేర్పనక్కర్లేదు. ఆ పనులు చేయకపోతే ఇల్లే గడవదు.

1810లో తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, చిన్న కూతుళ్ళను వెంటబెట్టుకుని పక్క ఊరు యాష్‌ఫీల్డ్‌కు వెళ్ళింది. పదమూడేళ్ళ మేరీ బక్లాండ్‌లోనే ఉండిపోయి, పొలం చూసుకుంటున్న అన్న ఏరన్‌కు ఇల్లు చక్కబెట్టింది. అందుకు అన్న వారానికి ఒక డాలరు ఇచ్చేవాడు. ఈ చిన్న సంగతికి జీవిత చరిత్రల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు. ఇంటిపనికి వెల ఉంటుందనీ, ఆ వెలను చదువుగా మార్చుకోవచ్చనీ ఆమెకు పదమూడేళ్ళకే అనుభవంలోకి వచ్చింది. ఆ డాలర్లు కూడబెట్టే తర్వాత బడికి వెళ్ళింది. యాష్‌ఫీల్డ్‌లో చదివేటప్పుడు తాను నేసిన దుప్పట్లు ఇచ్చి బసా భోజనం సంపాదించుకుంది. పాతికేళ్ళ తర్వాత సౌత్ హ్యాడ్లీలో అమలైన పద్ధతి దాదాపు ఇదే, కాకపోతే వందల మందికి వర్తించేలా.

మతం సంగతికి వస్తే, లయన్ కుటుంబం బాప్టిస్టులు. అప్పటి మసాచుసెట్స్‌లో కాంగ్రెగేషనల్ చర్చికి (మరో ప్రొటెస్టెంట్ శాఖకు) ప్రభుత్వ పన్ను కట్టాలి. బాప్టిస్టులు దాన్ని ఎదిరించారు. కట్టనన్నందుకు 1770లో యాష్‌ఫీల్డ్ బాప్టిస్టుల పొలాలను వేలం వేశారు. ఆ పన్ను పూర్తిగా పోయింది 1833లోనే. నమ్మిన దానికోసం ఆస్తి పోగొట్టుకున్న జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న చోట ఆమె పెరిగింది. అయినా 1822లో ఆమె చేరింది బక్లాండ్ కాంగ్రెగేషనల్ చర్చిలో. అంతకు ముందు ఏడాది బైఫీల్డ్‌లో జోసెఫ్ ఎమర్సన్ అనే పాస్టరు నడిపే సెమినరీలో చదివింది. ఆడవాళ్ళ బుద్ధి మగవాళ్ళ బుద్ధికి తీసిపోదని నమ్మి బోధించిన మనిషి ఆయన. శాఖ మారడం వల్ల ఆమెకు కలిగిన లాభం ఆచరణలో పెద్దది. న్యూ ఇంగ్లండ్‌లో ఊరూరా ఉన్న కాంగ్రెగేషనల్ పాస్టర్లు, డీకన్ల (చర్చి పెద్దల) వల ఆమెకు అందుబాటులోకి వచ్చింది. 1834 తర్వాత చందాల పుస్తకం తిరిగింది ఆ దారిలోనే.

వారానికి 75 సెంట్లు

పదిహేడేళ్ళకు, 1814లో, షెల్బర్న్ ఫాల్స్ దగ్గర ఊరి బడిలో వేసవి టీచరుగా మొదటి ఉద్యోగం. జీతం వారానికి 75 సెంట్లు. అదే కాలంలో మగ టీచరుకు నెలకు 10 నుంచి 12 డాలర్లు వచ్చేవి. అంటే ఆమెకు దక్కింది అందులో మూడో వంతు కన్నా తక్కువ. ఈ తేడా ఎందుకో తెలియాలంటే అప్పటి ఊరి బడి నడిచిన తీరు చూడాలి.

ఏడాదిలో బడి రెండు విడతలుగా నడిచేది. చలికాలంలో పొలం పని ఉండదు కాబట్టి పెద్ద మగపిల్లలు వచ్చేవారు. వాళ్ళను అదుపు చేయాలంటే మగ టీచరు కావాలనేవారు. వేసవిలో వాళ్ళు పొలాలకు పోతే చిన్నపిల్లలు, ఆడపిల్లలు మిగిలేవారు. ఆ విడత ఆడ టీచరుకు ఇచ్చేవారు. బడి ఖర్చు భరించేది ఆ ఊరి పన్ను చెల్లింపుదారులే కనుక తక్కువ జీతానికి దొరికే మనిషి వాళ్ళకు వరం. టీచరుకు బస కూడా విడిగా ఉండేది కాదు. ఒక్కో పిల్లవాడి లెక్కన ఐదు రోజుల చొప్పున, వంతులవారీగా వాళ్ళ ఇళ్ళలో తిని పడుకోవాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఇరవై రోజులు, ఒక్కడే ఉన్న ఇంట్లో ఐదు. పాఠం సిద్ధం చేసుకోవడానికి ఒక మూల కూడా తనదంటూ ఉండని బతుకు అది.

1837లో మసాచుసెట్స్ విద్యా మండలి కార్యదర్శిగా హోరేస్ మాన్ వివరాలు సేకరించేనాటికి కూడా, బస ఖర్చు కలుపుకుని మగ టీచరు సగటు నెలజీతం 25 డాలర్ల పైచిలుకు, ఆడ టీచరుది 11 డాలర్ల పైచిలుకు. ఇరవై ఏళ్ళు గడిచినా సగానికి చేరలేదు.

బళ్ళు ఎందుకు మూతపడేవి

ఆడపిల్లలకు అప్పట్లో బళ్ళే లేవనుకోవడం పొరపాటు. ఉండేవి, కానీ నిలిచేవి కావు. ఒక పేరున్న టీచరు అద్దె గదుల్లో సెమినరీ పెడుతుంది. ఊరి పెద్దలు కొందరు వాటాలు వేసుకుని భవనం కడతారు. ఆ టీచరుకు జబ్బు చేసినా, పెళ్ళయినా, ధర్మకర్తలతో మాట తేడా వచ్చినా బడి చెదిరిపోతుంది. మగపిల్లల కాలేజీల సంగతి వేరు. వాటికి చార్టర్ (ప్రభుత్వం ఇచ్చే స్థాపన పత్రం), సొంత భవనం, మూలనిధి, ఒకరు పోతే మరొకరిని ఎన్నుకునే ట్రస్టీల బోర్డు ఉండేవి. దగ్గర్లోని యామ్‌హెర్స్ట్ కాలేజీ మొదలైందే పేద విద్యార్థుల కోసం 50 వేల డాలర్ల నిధి పోగుచేసి.

లయన్ దీన్ని దగ్గరనుంచి చూసింది. స్నేహితురాలు జిల్ఫా గ్రాంట్‌తో కలిసి 1824 నుంచి న్యూ హ్యాంప్‌షైర్‌లోని ఆడమ్స్ అకాడమీలో వేసవిలో పాఠాలు చెప్పేది, చలికాలంలో బక్లాండ్ వైపు సొంతంగా బడి నడిపేది. మత బోధన ఎంత ఉండాలన్న విషయంలో ఆడమ్స్ ట్రస్టీలతో పొసగక గ్రాంట్ 1828లో ఇప్స్‌విచ్‌కు మారింది. బడి మొత్తం ఆమెతోపాటు లేచి వెళ్ళినట్టయింది. ఇప్స్‌విచ్ సెమినరీకి మంచి పేరొచ్చింది గానీ దానికి శాశ్వత నిధి సమకూర్చాలని ఇద్దరూ చేసిన ప్రయత్నం ఫలించలేదు. ధనవంతులు ఆసక్తి చూపలేదు. ఒకరిద్దరు పెద్దల మీద ఆధారపడితే బడి నిలవదనీ, చిన్న మొత్తాలు ఎక్కువమంది దగ్గర తీసుకోవాలనీ లయన్ తేల్చుకున్నది అక్కడే.

ఈ మధ్యలోనే సైన్సు నేర్చుకుంది. ట్రాయ్‌లో ఏమస్ ఈటన్ దగ్గర రసాయనశాస్త్రం ప్రయోగాలతో సహా చూసింది. భూగర్భ శాస్త్రవేత్త, పాస్టరు అయిన ఎడ్వర్డ్ హిచ్‌కాక్ ఇంట ఉండి చదివింది. తర్వాత సెమినరీలో రసాయనశాస్త్రం తానే చెప్పేది. సృష్టిని చదవడం సృష్టికర్తను తెలుసుకోవడమే అన్న అప్పటి న్యూ ఇంగ్లండ్ భక్తుల ఆలోచన వల్ల ప్రయోగశాలకూ ప్రార్థన మందిరానికీ గొడవ రాలేదు.

ఆకుపచ్చ సంచి, 27 వేల డాలర్లు

1834 సెప్టెంబరు 6న ఇప్స్‌విచ్‌లో కొద్దిమంది పాస్టర్లు, పెద్దమనుషులు సమావేశమై కొత్త సెమినరీ బాధ్యత తలకెత్తుకున్నారు. కమిటీలో అందరూ మగవాళ్ళే. ఆడమనిషి ముందు నిలబడి డబ్బు అడిగితే పనే చెడుతుందని లయన్‌కు తెలుసు. కానీ తొలి వెయ్యి డాలర్లు ఇప్స్‌విచ్ ఆడవాళ్ళ దగ్గర, తన విద్యార్థినుల దగ్గర ఆమే రెండు నెలల్లోపు పోగుచేసింది. తర్వాత రాస్వెల్ హాక్స్ అనే పాస్టరు అధికారిక ఏజెంటుగా తిరిగాడు. ఆమె కూడా ఆకుపచ్చ వెల్వెట్ సంచి పట్టుకుని స్టేజి బళ్ళలో (ప్రయాణికుల గుర్రపు బళ్ళలో) ఊళ్ళు తిరిగింది. ఆడవాళ్ళకు తగని పని అన్న విమర్శ మిత్రుల నుంచే వచ్చింది.

చివరికి 90 ఊళ్ళలో 1,800 మందికి పైగా కలిసి ఇచ్చింది సుమారు 27 వేల డాలర్లు. చందాల్లో అతి చిన్నది 6 సెంట్లు, అతి పెద్దది 1,000 డాలర్లు. సగటు వేస్తే మనిషికి 15 డాలర్లు. దాతల్లో ఎక్కువమంది రైతు కుటుంబాలు. వాళ్ళను ఒప్పించింది చదువుకున్న స్త్రీ గొప్పదనం కాదు. ఊరి బళ్ళకూ, పడమటి రాష్ట్రాలకూ, విదేశీ మిషన్లకూ టీచర్లు కావాలి, వాళ్ళను తయారుచేయడం దేవుని పని అన్న మాట. మిషన్‌కు కానుక వేసే చెయ్యే ఈ సంచిలోనూ వేసింది.

చార్టర్ 1836 ఫిబ్రవరి 11న వచ్చింది. అక్టోబరు 3న శంకుస్థాపన. పని మధ్యలో ఇటుక గోడ కూలింది. కూలీలు తిండికి వెళ్ళి ఉండటంతో ఎవరికీ దెబ్బ తగల్లేదు. మరుసటి ఏడాది దేశమంతా ఆర్థిక సంక్షోభం, బ్యాంకులు చెల్లింపులు ఆపేశాయి. కొంత చందా మాట మీదే ఆగిపోయింది. గదుల్లో మంచాలు, పరుపులు, పింగాణీ సమకూర్చే బాధ్యత ఊళ్ళలోని కుట్టుపని సంఘాలకు ఒక్కో గది చొప్పున అప్పగించారు. ఆ సామాను కొంత సమయానికి రాలేదు.

1837 నవంబరు 8న తలుపులు తెరిచినప్పుడు 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, నాలుగంతస్తుల ఇటుక భవనానికి ముందు మెట్లు లేవు, కిటికీలకు రెక్కలు లేవు. బోస్టన్ నుంచి వచ్చిన ట్రస్టీ డీకన్ డేనియల్ శాఫర్డ్ కోటు విప్పి మోకాళ్ళ మీద కూర్చుని నేలమీద చాపకు మేకులు కొడుతున్నాడు. ఆయన భార్య, మరో ట్రస్టీ భార్య పింగాణీ కడుగుతున్నారు. 80 మంది అమ్మాయిలు ఆ సందడిలోనే లోపలికి వచ్చి ప్రవేశ పరీక్ష రాశారు. మరుసటి ఏడాది చోటు లేక వందల మందికి కాదని చెప్పాల్సి వచ్చింది.

60 డాలర్లకు ఎలా సరిపోయింది

చదువు, భోజనం, వసతి అన్నీ కలిపి ఏడాది ఫీజు 60 డాలర్ల స్థాయిలో ఉంచారు. పేరున్న సెమినరీలలో అయ్యే ఖర్చులో ఇది సుమారు మూడో వంతు. ఇది మూడు కోతల వల్ల సాధ్యమైంది.

మొదటిది భవనం. చందాలతో కట్టారు కనుక అద్దె, వడ్డీ విద్యార్థినుల మీద పడలేదు. వాటాదారులకు లాభం పంచే పని లేదు.

రెండోది ఇంటిపని. పనివాళ్ళను పెట్టుకోలేదు. ప్రతి అమ్మాయీ రోజుకు గంటకు కాస్త అటూ ఇటుగా పనిచేయాలి. పనిని జట్లుగా విడగొట్టారు. రొట్టె జట్టు, బట్టల జట్టు, ఇస్త్రీ జట్టు, వడ్డన జట్టు. ఒక్కొక్కరికి ఒక చిన్న ముక్క అప్పగిస్తే అది త్వరగా చేతికి అలవాటవుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది. 1847-48లో అక్కడ చదివిన, తర్వాతి కాలంలో కవయిత్రిగా ప్రసిద్ధురాలైన ఎమిలీ డికిన్సన్‌కు పడిన వంతు చాలా తేలికైనది: ఉదయం, మధ్యాహ్నం మొదటి వరుస బల్లల మీది కత్తులు తీసుకెళ్ళడం, రాత్రి అన్నే కత్తులు కడిగి తుడవడం. ఇది గృహవిజ్ఞాన పాఠం అని చాలామంది అనుకుంటారు. లయన్ అలా అనుకోవద్దని పదేపదే చెప్పింది. ఇంటిపని నేర్పాల్సింది తల్లి, సెమినరీ కాదు. ఇక్కడ దాని ఉద్దేశం ఖర్చు తగ్గించడం, ఆపై ధనిక పేద తేడా లేకుండా అందరి చేతా ఒకే పని చేయించడం. ఈ పద్ధతిలోని ఇబ్బంది కూడా దాచదగ్గది కాదు. పిండి పులియకపోతే వందల మందికి రొట్టె ఉండదు. మొదటి నెలల్లో వంటింటిని దారిలో పెట్టడానికి లయన్ స్వయంగా తెల్లవారకముందే అక్కడికి దిగాల్సి వచ్చింది.

మూడో కోత జీతం. ప్రిన్సిపాల్‌గా ఆమె తీసుకున్నది ఏడాదికి 200 డాలర్లు, భోజన వసతి. అందులో దాదాపు సగం మిషన్లకు ఇచ్చేది. తన కింది టీచర్లకూ తక్కువ జీతమే. ఇది పూర్తిగా ఆమె ఎంచుకున్న నియమం, బలవంతం కాదు. తోటి విద్యావేత్త క్యాథరిన్ బీచర్ దీనికి అభ్యంతరం చెప్పింది. ఆడ టీచర్ల జీతం పెంచాలని పోరాడుతున్న వేళ ఇలా తగ్గించి చూపితే అందరికీ నష్టమన్నది ఆమె వాదన. సామాన్యుల నమ్మకం సంపాదించాలంటే ఇక్కడ ఎవరూ లాభపడటం లేదని కనిపించాలన్నది లయన్ సమాధానం. 27 వేల డాలర్ల విషయంలో లయన్ మాటే నెగ్గింది. కానీ బీచర్ భయమూ నిజమే. తక్కువ జీతాన్ని త్యాగంగా చూపిన చోట, ఆ తర్వాత పెంచమని అడగడం టీచరుకే సిగ్గుగా మారుతుంది. ఆడ టీచర్ల జీతాల చరిత్రలో ఈ చిక్కు చాలాకాలం వదల్లేదు.

గంటల లెక్కలో భక్తి

డికిన్సన్ తన స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో దినచర్య ఉంది. ఆరింటికి లేవడం, ఏడింటికి ఫలహారం, ఎనిమిదింటికి చదువు, తొమ్మిదింటికి అందరూ కలిసి ప్రార్థన. మధ్యాహ్నం మూడు ముప్పావుకు ఎవరి విభాగంలో వాళ్ళు ఆ రోజు చేసిన తప్పులు చెప్పుకోవాలి: ఆలస్యం, గైర్హాజరు, మౌనం పాటించాల్సిన వేళ మాట్లాడటం, గదిలోకి ఎవరినైనా రానివ్వడం. నాలుగున్నరకు లయన్ ప్రసంగం. రాత్రి ఎనిమిది ముప్పావుకు పడక గంట. వీటితోపాటు ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున ఏకాంత ప్రార్థనకు కేటాయింపు ఉండేది. ఒక గదిలో ఇద్దరుంటారు కనుక ఏకాంతం కుదరడానికి వెలుతురు వచ్చే చిన్న అరగది కూడా కట్టించారు. భవనం నక్షాలోనే ప్రార్థనకు చోటిచ్చారన్నమాట.

తప్పులు ఎవరో పట్టుకోవడం కాదు, తామే చెప్పుకోవాలి. కాపలా ఖర్చు లేకుండా క్రమశిక్షణ నడిచే ఏర్పాటు ఇది. నిజాయితీపరురాలైన అమ్మాయికి ఎక్కువ బాధ, దాచుకోగలిగిన అమ్మాయికి తక్కువ బాధ కావడం దీని లోపం.

అమ్మాయిలను మూడు తరగతులుగా చూసేవారు: మారుమనస్సు పొంది చర్చిలో చేరినవారు, పొందామన్న నిరీక్షణ (ఆశ) ఉన్నవారు, నిరీక్షణ లేనివారు. మూడో వర్గానికి ప్రత్యేక కూటాలు ఉండేవి. ఉజ్జీవాలు (భక్తి ఉప్పొంగే వేళలు) వచ్చిన ఏడాదుల్లో ఆ సంఖ్య వేగంగా పడిపోయేది. 1848లో చివరిదాకా నిరీక్షణ లేనివారిగా మిగిలిన సుమారు 30 మందిలో డికిన్సన్ ఒకరు. శిక్ష ఏమీ పడలేదు, చదువులో వెనక పెట్టలేదు. కానీ అందరూ చూస్తుండగా మూడో వరుసలో మిగలడం పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు చిన్న ఒత్తిడి కాదు.

మేనకోడళ్ళు, మిషన్ పెళ్ళిళ్ళు

లయన్ పెళ్ళి చేసుకోలేదు. అన్న ఏరన్ 1819 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రపు పడమటి కొసకు వలసపోవడంతో పుట్టిల్లు చెదిరింది. భర్త పోయాక మతి చలించిన అక్క లొవీనా 1832లో కన్నుమూసింది. తల్లి 1840లో పోయింది. కుటుంబమంటే ఇక మేనకోడళ్ళే. వాళ్ళను సెమినరీకి తెచ్చి చదివించింది, టీచర్లను చేసింది. తర్వాత ఒక్కొక్కరినీ విదేశాలకు సాగనంపింది.

అప్పటి అమెరికన్ మిషన్ బోర్డులు పెళ్ళికాని మగవాళ్ళను పంపడానికి ఇష్టపడేవి కావు. ఓడ ఎక్కే తేదీ దగ్గరపడుతుంటే చదువు, భక్తి, ఇంటిపని మూడూ తెలిసిన భార్య కావాలి. సౌత్ హ్యాడ్లీలో దొరికేది సరిగ్గా ఆ శిక్షణే. కాబట్టి కొద్దివారాల పరిచయంతో పెళ్ళి, వెంటనే ప్రయాణం మామూలైపోయాయి. అన్న కూతురు లూసీ లయన్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎడ్వర్డ్ లార్డ్‌ను పెళ్ళాడి చైనాలోని నింగ్బోకు వెళ్ళింది. మరో మేనకోడలు ఆబిగేల్ మూర్ 1846లో ఎబెనెజర్ బర్జెస్ భార్యగా పశ్చిమ భారతదేశానికి వచ్చింది. పంచాంగం చూసే తెలుగువారికి ఈ బర్జెస్ పరోక్షంగా తెలిసినవాడే. సూర్యసిద్ధాంతాన్ని ఆంగ్లంలోకి అనువదించి 1860లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ ద్వారా వెలువరించింది ఆయనే. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ కూడా ఈ కాలందే. సెమినరీకి చార్టర్ వచ్చిన 1836లోనే శామ్యూల్ డే తెలుగు ప్రాంతానికి వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు.

ఒంటరిగా వెళ్ళిన వారిలో ముఖ్యురాలు ఫిడీలియా ఫిస్క్. 1843లో పర్షియా మిషన్‌కు టీచరు కావాలని అడిగినప్పుడు ముందుకొచ్చిన అనేకమందిలో ఆమెను ఎంచారు. అక్కడి ఉర్మియాలో నెస్టోరియన్ అనే ప్రాచీన తూర్పు శాఖ క్రైస్తవుల ఆడపిల్లలకు ఆమె నడిపిన బడికి సౌత్ హ్యాడ్లీయే నమూనా.

ఎవరికి చోటు దక్కలేదు

ఇప్స్‌విచ్ సమావేశం జరిగిన సరిగ్గా నాలుగు రోజులకు, 1834 సెప్టెంబరు 10న, పక్క రాష్ట్రం కనెక్టికట్‌లోని కాంటర్‌బరీలో మరో భక్తురాలి బడి మూతపడింది. క్వేకర్ అనే క్రైస్తవ శాఖలో పెరిగి బాప్టిస్టుగా మారిన ప్రూడెన్స్ క్రాండల్, సారా హారిస్ అనే నల్లజాతి యువతిని చేర్చుకుంది. తెల్లవారు తమ పిల్లలను మాన్పించడంతో బడిని నల్లజాతి బాలికలకే కేటాయించింది. 1833లో రాష్ట్రం అందుకు వ్యతిరేకంగా చట్టమే చేసింది. ఆమె ఒక రాత్రి జైల్లో గడిపింది. చివరికి రాత్రివేళ గుంపు వచ్చి కిటికీలు పగలగొట్టాక బడి ఆపేసింది.

ఇద్దరి భక్తిలో లోతు తేడా లేదు, ఆధారపడిన మనుషులలో తేడా ఉంది. 90 ఊళ్ళ సామాన్యుల చందాతో నిలిచే సంస్థ ఆ ఊళ్ళన్నీ ఒప్పుకునే హద్దు దాటితే కూలుతుంది. లయన్ ఆ హద్దు దాటలేదు, బానిసత్వ నిర్మూలన వివాదంలోకి సెమినరీని దింపలేదు. మౌంట్ హోల్యోక్ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థినిగా తెలిసిన హార్టెన్స్ పార్కర్ 1883 నాటి మనిషి. విస్తృత విరాళాల పద్ధతికి కట్టిన మూల్యం ఇది. దాన్ని పక్కనబెట్టి ఆ సంస్థ విజయాన్ని మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు.

ఆమె తర్వాత

వందల మంది ఒకే కప్పు కింద ఉండటంలోని ప్రమాదం 1840లోనే బయటపడింది. టైఫాయిడ్ సోకి సుమారు 40 మంది మంచం పట్టారు, తొమ్మిది మంది చనిపోయారు. 1849 తొలినాళ్ళలో జబ్బుపడిన ఒక విద్యార్థినికి సేవ చేస్తూ లయన్‌కు ఎరిసిపెలాస్ అనే చర్మ సాంక్రమిక వ్యాధి సోకింది. మార్చి 5న, 52వ ఏట, చనిపోయింది. సెమినరీ ఆవరణలోనే సమాధి చేశారు.

వ్యవస్థాపకురాలు పోతే బడి పోతుందన్న పాత సూత్రానికి అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. అప్పటికే ఆమెతో పనిచేస్తున్న మేరీ విట్‌మన్ బాధ్యత తీసుకుంది, ఆమె తర్వాత 1850 నుంచి మేరీ చేపిన్. చార్టర్, ట్రస్టీలు, సొంత భవనం, వంతుల పద్ధతి ఉన్నవి ఉన్నట్టే నడిచాయి. 1851లో అమెరికా మూలవాసులైన చెరోకీ జాతి పార్క్ హిల్‌లో ఆడపిల్లల సెమినరీ తెరిచినప్పుడు టీచర్లను ఇక్కడినుంచే పిలిపించుకుంది. 1855లో ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్‌లో, 1874లో దక్షిణాఫ్రికాలోని వెల్లింగ్టన్‌లో ఇదే నమూనాతో బళ్ళు లేచాయి. సౌత్ హ్యాడ్లీలో మూడేళ్ళ చదువు 1861లో నాలుగేళ్ళయింది, 1888లో కాలేజీ హోదా వచ్చింది. 1896లో అసలు భవనం కాలిపోయింది. విద్యార్థినులను ఊళ్ళోని ఇళ్ళలో సర్ది, తరగతులు కొనసాగించి, కొత్త భవనాలు కట్టారు.